పెరటి చెరువు ఊపిరి

గోదావరి డెల్టాలోని పల్లెలు చాలవరకు పల్లపు నేలలలో వెలసినవి. అచ్చట ఇల్లు కట్టదలచినవాడు మొదట స్థలమును మెరక చేసికొనవలెను. అందులకై పెరటిలోని మట్టినే త్రవ్వి ఇంటిస్థలములో పోయుదురు. ఇల్లు లేచునప్పటికి ఇంటి వెనుక ఒక గుంట కూడ సిద్ధమై యుండును. కాలువనీరు పెట్టినచో ఆ గుంటయే చెరువగును. గట్టుమీద నాలుగు కొబ్బరిచెట్లు నాటుదురు. నీటిలో చేపపిల్లలను వదలుదురు. 1852లో ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పూర్తియైన పిమ్మట కాలువలు ఊరూర పారుటచేత ఇట్టి చెరువులకు నీరు దొరకుట సులభమైనది.

అట్టి యొక పల్లెలో ఒక రైతు పెరటిలో ఐదు సెంట్ల చెరువుండెను. అందులో అతడు బొచ్చెలను, శీలావతులను, ఎర్రమోసులను పెంచుచుండెను. ప్రతిదినము ఉదయమున తవుడును, వేరుసెనగ చెక్కను కలిపి వేయుచుండెను. చేపలు ఏపుగా పెరిగినవి. సంక్రాంతికి వాటిని పట్టి అమ్మి, ఆ సొమ్ముతో కుమార్తె చదువునకు రుసుము కట్టవలెనని అతని సంకల్పము.

ఆశ్వయుజమాసము వచ్చినది. మూడు దినములు ఆకాశము మబ్బు పట్టియుండెను. మూడవనాటి సాయంకాలము ఈదురుగాలితో వాన కురిసినది. మరునాడు తెల్లవారునప్పటికి చెరువునిండ తెల్లని పొట్టలు తేలియుండెను. ఇల్లంతయు గొల్లుమన్నది. ఇరుగుపొరుగువారు గట్టుమీద మూగిరి. "ఎవరో మందు కలిపినారు" అని ఒకరనిరి. అంతకు పది దినములకు ముందే గట్టుమీది కొబ్బరిచెట్టు విషయమై ఆ రైతునకును, పొరుగువానికిని మాటల పట్టింపు కలిగియుండెను. రైతు మనస్సు వెంటనే అటు పోయినది. అతడు కండువా దులిపి భుజముమీద వేసికొని, పెద్దలయొద్దకు ఫిర్యాదునకు బయలుదేరెను.

ఆ సమయమునకు అతని మేనమామ వచ్చెను. ఆయన మత్స్యశాఖలో చిరకాలము పనిచేసి విశ్రాంతి తీసికొనుచున్న వృద్ధుడు. "నాయనా, తొందరపడకుము. ముందు చెరువును అడుగుము, పిదప మనుష్యులను అడుగవచ్చును" అని ఆయన గట్టు చుట్టును ఒకమారు నడచి వచ్చెను.

"చచ్చినవి పెద్దచేపలా, పిల్లచేపలా?" అని ఆయన ప్రశ్నించెను.

"పెద్దవే, మామయ్యా. పిల్లలు చాలవరకు బ్రతికే యున్నవి."

"కొరమీనులో?"

"అవి తిరుగుచునే యున్నవి."

"రాత్రి పడుకొనబోవునప్పుడు చేపలు ఎట్లుండెను?"

"బాగుగనే యుండెను. తెల్లవారుజామున అమ్మ నిద్రలేచి చూచినప్పుడు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరచుచుండెనట."

వృద్ధుడు తల యూపెను. "విషము పెట్టినచో అది పిల్లచేపలను ముందుగా చంపును. కప్పలను, నత్తలను, కొరమీనులను మాత్రము విడిచిపెట్టునా? విషమునకు తెల్లవారుజామే కావలెనని నియమము లేదు. నాయనా, నీ చెరువునకు ఎవరును మందు పెట్టలేదు. రాత్రి దానికి ఊపిరాడలేదు" అనెను.

చెరువునకు ఊపిరియా? అని అందరును ఆశ్చర్యపడిరి. కాని అది కల్పన కాదు. శాస్త్రము చెప్పు సత్యము.

చేప నీటిలో నుండునుగాని నీటితో బ్రతుకదు. నేలమీది ప్రాణులవలెనే దానికిని ప్రాణవాయువు కావలెను. నీటిలో కరగియున్న ప్రాణవాయువును అది మొప్పలద్వారా గ్రహించును. అయితే మనుష్యునకు లభించు సమృద్ధి చేపకు లేదు. ఒక లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉండును. వేసవినాటి 30 డిగ్రీల వేడిగల ఒక లీటరు నీటిలో, గాలితో కలిసి నిండుగా కరగినప్పటికిని, ఉండునది సుమారు 7.5 మిల్లీగ్రాములు మాత్రమే. అనగా మనుష్యునకు ముప్పదియారు గింజలున్నచోట చేపకు ఒక్క గింజ. అందులోను, నిశ్చలమైన నీటిలో ప్రాణవాయువు ఒకచోటి నుండి మరియొకచోటికి వ్యాపించుట గాలిలోకంటె సుమారు పదివేల రెట్లు మందముగ జరుగును. పైనీరు ఎంత బాగుగ నున్నను, కదలిక లేనిచో అడుగునీటికి ఆ లాభము అందదు.

ఈ కొద్దిపాటి ప్రాణవాయువు నీటిలోనికి రెండు మార్గములలో చేరును. మొదటిది గాలి. గాలి వీచి అలలు లేచినప్పుడు నీటిపైభాగము గాలితో కలియును. రెండవది ఎండ. చెరువునీటిని ఆకుపచ్చగ నుంచునవి కంటికి విడివిడిగా కనబడని నాచుకణములు. అవి సూర్యరశ్మిని ఆధారముగ చేసికొని, బొగ్గుపులుసు వాయువును గ్రహించి, తమ ఆహారమును తయారుచేసికొనుచు ప్రాణవాయువును విడుచును. పెరటి చెరువునకు పగటిపూట ఎక్కువ ప్రాణవాయువును సమకూర్చునవి ఇవియే.

ఈ విషయమును మానవుడు గ్రహించి రెండువందల సంవత్సరములు దాటినది. క్రొవ్వొత్తి మండి చెడిన గాలిలో పుదీనాకొమ్మ నుంచినచో కొన్ని దినములకు ఆ గాలి మరల క్రొవ్వొత్తిని మండించుటకు తగినదగుచున్నదని ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జోసెఫ్ ప్రీస్ట్‌లీ 1771లో కనుగొనెను. 1774లో ఆయనయే ప్రాణవాయువును వేరుపరచెను. 1779లో యాన్ ఇంగెన్‌హౌజ్ అను వైద్యుడు మరియొక అడుగు ముందుకు వేసెను. ఆయన ఆకులను నీటిలో ముంచి ఎండలో ఉంచగా వాటినుండి బుడగలు లేచినవి. చీకటిలో ఉంచగా ఆ బుడగలు నిలిచిపోయినవి. అంతేకాదు, చీకటిలో ఆకులు కూడ మనవలె గాలిని చెరుపుచున్నవని ఆయన తెలిపెను.

ఇంగెన్‌హౌజ్ పాత్రలో చేసిన ఆ ప్రయోగమే ప్రతి చెరువులోను ప్రతిదినమును జరుగుచున్నది. ఉదయించిన సూర్యునితోపాటు నీటిలో ప్రాణవాయువు పెరుగ నారంభించును. మధ్యాహ్నము తిరిగిన తరువాత అది అత్యధికముగ నుండును. సూర్యుడు అస్తమించినతోడనే ఆదాయము ఆగిపోవును. వ్యయము మాత్రము ఆగదు. చేపలు పీల్చును, పగలు ప్రాణవాయువునిచ్చిన నాచే రాత్రి దానిని పీల్చును, అడుగున క్రుళ్ళుచున్న బురదయు పీల్చును. సూర్యోదయమునకు కొంచెము ముందు చెరువు ఖజానా అడుగంటియుండును. తెల్లవారుజామున చేపలు పైకి వచ్చి నోళ్ళు తెరచుటకు కారణమిదియే. గాలి తగులు ఆ పైపొరలోనే కొంచెము ప్రాణవాయువు మిగిలియుండును.

ఆ రైతు చెరువు లెక్కయే చూడుడు. ఐదు సెంట్లనగా సుమారు 200 చదరపు మీటర్లు. లోతు ఒకటిన్నర మీటరు. నీరు 300 ఘనపు మీటర్లు, అనగా 3 లక్షల లీటర్లు. లీటరుకు 7.5 మిల్లీగ్రాముల వంతున లెక్కించినచో చెరువంతటిలోను ఉన్న ప్రాణవాయువు రెండుంబావు కిలోలు మాత్రమే! అందు అంతయు వ్యయపరచుటకు వీలులేదు. లీటరుకు 5 మిల్లీగ్రాములున్నచో బొచ్చె, శీలావతి వంటి చేపలు సుఖముగ నుండును. 3 మిల్లీగ్రాములకు తగ్గినచో బాధపడును. ఒకటికి తగ్గి కొంతసేపు నిలిచినచో చచ్చును. మూడు మిల్లీగ్రాముల వంతున మిగుల్చుటకే 900 గ్రాములు పోవును. మిగిలిన 1,350 గ్రాములతో రాత్రి గడువవలెను. నూరు కిలోల చేపలు గంటకు సుమారు 30 గ్రాముల వంతున పీల్చినచో, పండ్రెండు గంటలకు 360 గ్రాములు కావలెను. ఇంతవరకు భయము లేదు. కాని నాచును, నీటిలోని సూక్ష్మజీవులును, బురదయు కలిసి పీల్చునది తరచుగ చేపలు పీల్చుదానికంటె ఎన్నో రెట్లు ఉండును. చెరువును ముంచునది ఆ వ్యయమే.

తవుడు, చెక్క మితిమీరి వేసినచో చేపలు తినగా మిగిలినది అడుగున చేరి క్రుళ్ళును. దానివలన బురద పెరుగును, నాచు దట్టమగును. ప్రేమతో వేసిన ఆ గుప్పెడు మేతయే రాత్రివేళ చేపల ఊపిరిని హరించును. ఆ రైతు చేసిన పొరపాటు ఇదియే. కూలినాలి చేసి కొన్న మేత ఎక్కువ వేసినకొలది చేపలు ఎక్కువ పెరుగునని అతడు నమ్మెను.

చెరువు ఊపిరి అన్ని ఋతువులలోను ఒకే తీరుగ నుండదు. కావున దానిని కాచువాడు ఋతువులను ఎరుగవలెను.

గ్రీష్మము కష్టకాలము. నీరు వేడెక్కినకొలది దానిలో కరగు ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీలవద్ద లీటరుకు 9.1 మిల్లీగ్రాములు కరగును. 35 డిగ్రీలవద్ద 7 మిల్లీగ్రాములు మాత్రమే. ఆదాయమిట్లు తగ్గగా, వ్యయము పెరుగును. పది డిగ్రీలు వేడి పెరిగినచో చేపకు కావలసిన ప్రాణవాయువు దాదాపు రెట్టింపగును. వేసవిలో మరమ్మతులకై డెల్టా కాలువలను కట్టివేయుదురు. క్రొత్తనీరు రాదు, ఉన్ననీరు ఆవిరియై ఇంకును. నిండుకుండలోని చేపలే సగము కుండలో నుండవలసివచ్చును. అందుచేత తెలిసినవారు కాలువలు కట్టకముందే చెరువును నింపుకొందురు. పెద్దచేపలను పట్టి బరువు తగ్గింతురు. ఎండ ముదిరినకొలది మేతను తగ్గింతురు.

వేసవిలో మరియొక అపాయము కలదు. పైనీరు వేడెక్కి తేలికయై పైననే నిలిచిపోవును. అడుగునీరు చల్లగ, బరువుగ క్రిందనే యుండును. రెండును కలియవు. అడుగుపొరలో ప్రాణవాయువు పూర్తిగా హరించి, క్రుళ్ళిన గ్రుడ్డువాసన గల విషవాయువు బురదలో పుట్టును. పైకి చెరువు ప్రశాంతముగ కనబడును. క్రింద అపాయము పొంచియుండును.

ఆ అపాయము వర్షఋతువులో బయటపడును. తొలకరి జడివాన చల్లనిది. ఆ నీరు పైపొరను చల్లబరచి క్రిందికి దిగును. ఈదురుగాలి దానికి తోడగును. అడుగునీరు ఒక్కసారిగ పైకి వచ్చును. చెరువు తలక్రిందులైనట్లగును. పైపొరలోని ప్రాణవాయువును ఆ చెడునీరు క్షణములలో మింగివేయును. అదే వానలో వీధులలోని పేడ, చెత్త కొట్టుకొని వచ్చి చెరువులో పడినచో వ్యయము ఇంకను పెరుగును. అందులకే గట్టును ఒక అడుగు ఎత్తుచేసి బయటినీరు లోనికి రాకుండ కాపాడవలెను. మబ్బుపట్టిన దినమున మేత వేయరాదు. ఎండ లేనినాడు చెరువునకు ఆదాయము లేదుగదా!

శరత్తు అందమైన ఋతువే గాని, చెరువునకు కపటమైనది. వానలలో చేరిన సారమునకు తేటయైన ఎండ తోడై నాచు విపరీతముగ పెరుగును. నీరు పచ్చిపసరువలె చిక్కనగును. పగటిపూట అట్టి నీటిలో ప్రాణవాయువు పొంగిపొరలును. అది చూచి రైతు సంతోషించును. కాని బంగాళాఖాతములో వాయుగుండము పుట్టి మూడునాళ్ళు మబ్బు పట్టినచో, అంత నాచును వెలుగులేక పీల్చుటకు మొదలిడును; కొంత చచ్చి క్రుళ్ళును. పచ్చనినీరు గోధుమరంగునకు తిరుగును. ఆ రైతు చెరువులో జరిగినది సరిగా ఇదియే. నీటి చిక్కదనమును తెలిసికొనుటకు యంత్రమక్కరలేదు. మోచేతివరకు చేయి నీటిలో ముంచి అరచేతిని చూడవలెను. మోచేయి మునుగకముందే అరచేయి కనుమరుగైనచో నాచు మితిమీరినట్లు గ్రహించి, పేడను, మేతను ఆపివేసి, వీలైనచో కొంత పాతనీరు తీసి క్రొత్తనీరు పెట్టవలెను.

హేమంత శిశిరములలో నీరు చల్లబడును. ప్రాణవాయువు ఎక్కువగ కరగును. చేపల ఆకలియు, ఆయాసమును తగ్గును. అయినను ధనుర్మాసపు రాత్రి పదమూడు గంటలుండును. మంచు దట్టముగ పట్టినచో సూర్యుడు ఆలస్యముగ కనబడును. కావున చలిదినములలో మేతను ప్రొద్దెక్కిన తరువాతనే, అదియు కొద్దిగనే వేయవలెను. శిశిరములో గట్టుమీది చెట్ల ఆకులు రాలి నీటిలో పడును. వాటిని ఎప్పటికప్పుడు తీసివేయవలెను; లేనిచో అవి వేసవినాటికి బురదలో చేరి క్రుళ్ళును. వసంతములో నీరు మరల వేడెక్కుటకు పూర్వమే గట్టు, తూము, పనిముట్లు సరిచూచుకొనవలెను.

చలిదేశములలో చెరువుల కష్టము మరియొక విధము. నీరు 4 డిగ్రీలవద్ద అన్నిటికంటె బరువుగ నుండును. కావున గడ్డకట్టు చలిలో మంచుగడ్డ పైకి తేలును. 4 డిగ్రీల నీరు అడుగున నిలిచి చేపలకు ఆశ్రయమిచ్చును. గడ్డపై హిమము పేరుకొన్నచో వెలుగు లోనికి పోదు, గాలి తగులదు. ఐరోపా, ఉత్తర అమెరికా దేశములలో అట్టి చెరువులలో చేపలు శీతకాలాంతమునకు ఊపిరాడక చచ్చుట కలదు. అందుచేత అచ్చటివారు గాలినిచ్చు యంత్రముతో మంచుగడ్డలో ఒక రంధ్రము మూయకుండ కాపాడుదురు. అయితే ఆ యంత్రమును చెరువు నడిమి లోతున ఉంచరు. ఉంచినచో అడుగున నున్న 4 డిగ్రీల నీరు పైకి వచ్చి చల్లబడి, చేపల ఆశ్రయమే చెడును. లోతు తక్కువైన యొక ప్రక్కకు దానిని జరుపుదురు. వేసవిలో అడుగునుండి కలుపుట మేలు. గడ్డకట్టు శీతకాలములో అడుగును కదపకుండుట మేలు. ఒకే పనిముట్టు ఋతువునుబట్టి మేలునో కీడునో చేయుననుటకు ఇది మంచి నిదర్శనము.

చెరువునకు ఊపిరి పోయు ఉపాయములు పూర్వులకును తెలిసినవే. ఇద్దరు మనుష్యులు చెరొకవైపు నిలిచి, త్రాళ్ళు కట్టిన గూడతో నీటిని ఎత్తిపోయుట డెల్టా పల్లెలలో పాత అలవాటు. ఎత్తిన నీటిని మరల చెరువులోనే ఎత్తునుండి పోసినచో అది తుంపురులై గాలిని కలుపుకొని పడును. కాలువనీరు లోనికి వచ్చుచోట ఒక రాతిపలకను అమర్చినచో నీరు దానిపై చిట్లి ప్రాణవాయువుతో దిగును. వెదురుగడలతో నీటిని కొట్టుటయు, పిల్లలు ఈతకొట్టుటయు ఈ పనినే చేయును. వీటన్నిటిలోను సూత్రమొక్కటే: నీరు గాలిని తాకు వైశాల్యమును పెంచుట.

నేటి యంత్రములును ఈ సూత్రముమీదనే పనిచేయుచున్నవి. వీటిని రైతులు ఏరేటర్లందురు. భీమవరము, కైకలూరు ప్రాంతములలోని రొయ్యల చెరువులలో తెడ్లచక్రములు గిరగిర తిరుగుచు నీటిని తెల్లని జల్లుగ ఎగజిమ్ముట చూడవచ్చును. చిన్న పెరటి చెరువునకు మోటారుతో నీటిని పైకి చిమ్ము జల్లుగొట్టము చాలును. మరియొక పద్ధతిలో గట్టుమీది గాలిపంపునుండి గొట్టముద్వారా చెరువు అడుగునకు గాలిని పంపి, సన్నని రంధ్రములనుండి బుడగలుగ విడుతురు. బుడగ ఎంత చిన్నదైన అంత మేలు. ఒక సెంటీమీటరు అడ్డుకొలతగల బుడగను ఒక మిల్లీమీటరు బుడగలుగ చీల్చినచో వేయి బుడగలగును. వాటి పైభాగపు మొత్తము వైశాల్యము మొదటిదానికి పదిరెట్లుండును. అంతకంటె ముఖ్యమేమనగా, పైకి లేచు బుడగలు అడుగునీటిని తమవెంట పైకి తెచ్చును. అడుగు, పైనీరు ఎల్లప్పుడును కలియుచుండుటచేత, వానవచ్చినప్పుడు ఒక్కసారిగ తలక్రిందులగు అపాయముండదు.

ఈ యంత్రములను వాడుటలోను వివేకము కావలెను. చాలకాలము కదలని పాతచెరువులో మొదటిదినముననే యంత్రమును పూర్తిగ నడిపినచో, అది వాన చేయు కీడునే తానును చేయును. మొదటిదినము అరగంట, మరునాడు గంట, ఆ పైన కొంచెము కొంచెముగ పెంచవలెను. పగలు మంచి ఎండలో చెరువు తనంత తానే ఊపిరి తీసికొనును. మధ్యాహ్నము కొంతసేపు నడిపినచో పైనున్న సమృద్ధి అడుగునకు చేరును. తప్పక నడుపవలసినది అర్ధరాత్రినుండి సూర్యోదయమువరకు. మబ్బుపట్టినచో సాయంకాలము మొదలుకొని. తడిచేతులతో మీటను తాకరాదు. నీటిలో దిగునప్పుడు విద్యుత్తును ఆపితీరవలెను. తీగలు, బిగింపులు తెలిసినవానిచేత చేయించవలెను. చేపల ప్రాణము కాపాడబోయి మనుష్యుడు ప్రాణము పోగొట్టుకొనరాదుగదా!

మరియొక సంగతి మరువరాదు. గాలివాన రాత్రులలోనే చెరువునకు యంత్రము ఎక్కువ అవసరము. విద్యుత్తు తరచుగ పోవునదియు ఆ రాత్రులలోనే. కావున యంత్రమునే నమ్మి చెరువులో పట్టనన్ని చేపలను పోయుట అప్పుచేసి పండుగ చేసికొనుట వంటిది. యంత్రము ఆపత్కాలమున ఆదుకొను స్నేహితుడే గాని, మితమును తప్పినవానికి అభయము కాదు. తగినన్ని చేపలు, తగినంత మేత, గాలి తగులునట్లు తెరపిగల గట్టు, నీటిని కప్పివేయు గుర్రపుడెక్కను ఎప్పటికప్పుడు లాగివేయుట, రెండు మూడేండ్ల కొకమారు వేసవిలో చెరువునెండగట్టి బురదను పొలమునకు తోలుట — ఇవి ముందు, యంత్రము తరువాత. ఎండి నెఱ్ఱెలు విచ్చిన చెరువు అడుగు కూడ గాలి పీల్చుకొనుచున్నదే. ఆ బురద పొలమునకు ఎరువు. బురద వదలిన చెరువునకు మరుసటి యేటి ఆరోగ్యము.

ఇక కొరమీను సంగతి. నాటి ఉదయమున అది ఏల బ్రతికినది? కొరమీనునకు మొప్పలతోపాటు తలభాగమున గాలిని నేరుగ పీల్చు అరలు కలవు. మార్పు, ఇంగిలాయి వంటి చేపలకును ఇట్టి ఏర్పాటున్నది. కొరమీను అప్పుడప్పుడు పైకి వచ్చి గాలి మింగుట దాని స్వభావము. అందు భయపడవలసినదేమియు లేదు. శీలావతి పైకి వచ్చి నోరు తెరచినచో అది సహాయమునకై వేసిన కేక. నీటిపైకి వచ్చిన నోరు ఏ చేపదో గుర్తించుటయే చెరువు కాచువాని మొదటి పాఠము.

మేనమామ చెప్పినదంతయు రైతు తలవంచి వినెను. భుజముమీది కండువాను తీసి గట్టుమీద నుంచెను. పెద్దలయొద్దకు పోలేదు. చచ్చిన చేపలను తీసి కొబ్బరిచెట్ల మొదళ్ళలో పాతిపెట్టెను. ఆ యేడు కుమార్తె రుసుమునకు అతడు అప్పుచేయవలసివచ్చినది. వేసవిలో చెరువును ఎండగట్టి, బురద తీసి, కాలువలు విడిచిన పిమ్మట మరల నింపెను. ఈ పర్యాయము వెనుకటి సంఖ్యలో సగము పిల్లలను మాత్రమే వదలెను. ఒక చిన్న ఏరేటరును అమర్చెను. అతని తల్లి తెల్లవారుజామున లాంతరు పట్టుకొని గట్టుమీదికి వెళ్ళి నీటిని చూచుట నియమముగ పెట్టుకొన్నది.

మరల ఆశ్వయుజము వచ్చినది. రెండు దినములు మబ్బుపట్టి, మూడవరాత్రి గాలివాన వీచినది. అర్ధరాత్రివేళ విద్యుత్తు పోయినది, ఏరేటరు నిలిచిపోయినది. రెండు గంటలు గడచునప్పటికి శీలావతులు పైకి వచ్చి నోళ్ళు తెరచినవి. రైతును, కుమార్తెయు వెదురుగడలు తీసికొని నీటిని కొట్టనారంభించిరి. ఆ చప్పుడునకు పొరుగింటివాడు మేలుకొని దీపముతో వచ్చెను. జరుగుచున్నదేమో అతనికి ఒకరు చెప్పనక్కరలేకపోయినది. అతడు ఇంటికి పరుగెత్తి తన పొలమునకు నీరుతోడు ఆయిలింజనును కుమారునితో కలిసి ఈడ్చుకొని వచ్చి గట్టుమీద నిలిపెను. ఇంజను పైకెత్తిన నీరు కొబ్బరిచెట్టు ప్రక్కనుండి జల్లుగ చెరువులో పడినది.

తూర్పు తెల్లవారునప్పటికి ఒక్కొక్క చేపయు లోతునకు దిగిపోయినది. నీటిపై ఒక్క పొట్టయు తేలలేదు. రైతు పొరుగువాని చేతిలోని తడిగడను అందుకొని, అతనిని అరుగుమీద కూర్చుండబెట్టి, లోపలినుండి వేడి కాఫీ తెప్పించెను. వెనుకటియేడు తాను మనస్సులో తలపెట్టిన ఫిర్యాదు మాట అప్పుడతనికి చెప్పెను. పొరుగువాడు విని కొంతసేపు చెరువువైపే చూచెను. పిదప "ఈ చెట్టు కాయలు ఈ యేటినుండి చెరి సగము" అనెను.